కొండ మీది పాత ఇండ్లు పాలమూరుకు పరాయివి కావు

క్యాన్సరు జబ్బు సోకి హైదరాబాదు వెళ్లే పేదవారికి పాలమూరు పల్లెల్లో అందరూ చెప్పే పేరు ఎం.ఎన్.జె. ఆసుపత్రి. 1955లో నెలకొల్పిన ఆ ఆసుపత్రి పేరులోని మూడు అక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ అనే పెద్దమనిషివి. ఆయన నిజాం సర్కారులో ఉన్నతాధికారిగా పనిచేశారు. తరువాత హైదరాబాదు రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొదటి గవర్నరుగా వెళ్లారు. నేడు కోటీశ్వరుల పేటగా పేరుపడిన బంజారాహిల్స్‌కు దారి చూపినవాడు కూడా ఆయనే. ఆ కాలంలో నగరంలోని పెద్దలెవరూ ఆ కొండల వైపు కన్నెత్తి చూసేవారు కారు. అక్కడ ఉన్నవి గుండ్లు, ముళ్లచెట్లు, కొద్దిపాటి లంబాడీ గుడిసెలు. ఆ లంబాడీల వల్లనే, అంటే బంజారాల వల్లనే, ఆ చోటుకు ఆ పేరు వచ్చింది.

మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టిన తీరే విశేషం. సాధారణంగా గుట్ట మీద ఇల్లు కట్టదలచినవాడు మొదట వడ్డెరలను పిలిపించి గుండ్లను పగులగొట్టిస్తాడు, నేల చదును చేయిస్తాడు, ఆ తరువాత ముగ్గు పోయిస్తాడు. ఆయన అలా చేయలేదు. గుండు ఎక్కడ ఉన్నదో అక్కడే ఉండనిచ్చి, దాన్ని ఒక గోడగానో, కప్పుకు ఆసరాగానో కలుపుకుని గదులు వేయించారు. కొండను చూసి ఇల్లు కట్టారే గాని, ఇంటి కోసం కొండను మార్చలేదు. విశ్వకవి రవీంద్రనాథ్ టాగోరు 1933లో హైదరాబాదు వచ్చినప్పుడు ఈ కొండల మీద ఆయనకు అతిథిగా ఉండి, ఆ దృశ్యానికి ముగ్ధుడై కవిత రాసిన సంగతి నగర చరిత్ర తెలిసినవారు నేటికీ చెప్పుకుంటారు.

ఇది నవాబుల ముచ్చట, పల్లెవాసులకు దీనితో పని ఏమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఆ కొండల మీది ఇండ్లు కట్టడానికీ, తరువాత ఆ గుండ్లను తూటాలు పెట్టి పేల్చి నేలమట్టం చేయడానికీ, నేడు అదే పేటలో పాత ఇండ్లను కూలదోసి అంతస్తుల మీద అంతస్తులు లేపడానికీ రాయి మోసిన చేతుల్లో పాలమూరు చేతులు లెక్కలేనన్ని ఉన్నాయి. వానలు లేక, భూమి పండక, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి పిల్లాజెల్లలతో బస్సెక్కిన కుటుంబాలు లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. ప్రాజెక్టుల కట్టలకు ఏ చేతులు మట్టి మోశాయో, నగరంలోని మేడలకూ ఆ చేతులే ఇసుకా సిమెంటూ మోశాయి. ఇంటి గేటుకు యజమాని పేరు పలకపై ఉంటుంది. నక్షా గీసిన ఇంజనీరు పేరు పుస్తకాల్లో దొరుకుతుంది. కట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు.

ఆ పేట ఎందుకు పుట్టిందో కూడా తెలుసుకోవలసిన సంగతే. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది చనిపోయారు. ఆ విపత్తు తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇరుకు వాడలను బాగుచేయడానికి 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. పాత నగరపు ఇరుకునూ తేమనూ వదిలి ఎత్తు మీద, గాలి తగిలే చోట ఉండాలన్న కోరిక ఉన్నవారిలో పెరిగింది. లేనివారు నది ఒడ్డునే ఉండిపోయారన్నది వేరే చెప్పనక్కరలేదు.

బంజారా కొండలకు తూర్పున, హుస్సేన్‌సాగర్ వైపు, అప్పటికే కొన్ని పెద్ద భవనాలు లేచి ఉన్నాయి. అన్నింటిలోకి పాతది 1870లో ఫఖ్రుల్ ముల్క్ అనే నవాబు గుట్ట మీద కట్టించిన ఇర్రం మంజిల్. ఇర్రం అంటే స్వర్గమని వారి భాషలో అర్థం. కాని తెలుగువారికి ఆ గుట్ట ఎర్రగడ్డ. నవాబు భవనానికి ఎర్రరంగు వేయించి, తన పేరూ జనం పేరూ ఒక్కటయ్యేటట్లు చూశాడని చెప్పుకుంటారు. నేడు మెట్రో రైలు స్టేషనుకు ఉన్న పేరు ఎర్రమంజిల్. స్వర్గం పోయి ఎరుపే మిగిలిందన్నమాట.

తరువాత 1905లో సోమాజిగూడలో బెల్లా విస్టా అనే భవనం లేచింది. సాగరం కనిపించే చోటు గనుక చూపుకు ఇంపైనదన్న అర్థంలో ఫ్రెంచి వాస్తుశిల్పి ఆ పేరు పెట్టాడని అంటారు. కొంతకాలం అది బేరారు యువరాజు నివాసమైంది. 1957 నుంచి అందులో అధికారులకు పాలనా శిక్షణ ఇచ్చే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. నౌబత్ పహాడు పక్కన 1915లో హైకోర్టు న్యాయమూర్తి నిజామత్ జంగ్ కట్టించుకున్న హిల్‌ఫోర్టు మరో రకం. ఇంగ్లండులో తాను చదివిన కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీని తలపించేటట్లు కోట బురుజులతో ఆ ఇల్లు కట్టించారు. 1929లో నిజాం దానిని కొన్నారు. చిన్న యువరాజు ముఅజ్జం జా అందులో ఉన్నారు. నగరాభివృద్ధి మండలి పనులు చూసినవారు ఆయనే. తరువాతి కాలంలో అది రిట్జ్ అనే హోటలైంది. హోటలు మూతబడ్డాక ఏళ్ల తరబడి మరమ్మతు లేక పెచ్చులూడుతూ నిలిచింది.

ఈ రెండు భవనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. వాడుకలో ఉన్న బెల్లా విస్టా నిలబడింది. ఖాళీగా పడిఉన్న హిల్‌ఫోర్టు శిథిలమైంది. పాత కట్టడానికి వయసు శత్రువు కాదు, ఖాళీతనమే శత్రువు. మనిషి మసలని ఇంట్లో రావి మొక్క మొలుస్తుంది, పైకప్పు కురుస్తుంది, కురిసిన చోట దూలం పుచ్చుతుంది. ఇది పల్లెల్లో ప్రతి ఇల్లాలికీ తెలిసిన విద్యే. ఇందుకు నిపుణుల కమిటీలు అక్కరలేదు.

వాస్తుశిల్పుల మాటకు వస్తే, ఆ తరంలో హైదరాబాదును తీర్చిదిద్దినవారు పరదేశాలు చూసి వచ్చి కూడా ఇక్కడి రాతిని వదలలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భవనాల కోసం నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను 1930లో దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. బెల్జియం దేశస్థుడు జాస్పర్ నక్షా ఇచ్చాడు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీలో వారు పేర్చినది ఈ గడ్డ మీద దొరికే నల్లసేనపురాయినే. మరో పేరు మహమ్మద్ ఫయాజుద్దీన్. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి ఆయన నక్షాయే. టాగోరు శతజయంతికి కట్టిన ఆ సభామందిరం ఎరుగని నాటక సమాజం ఈ జిల్లాలో లేదు. వీరంతా పెద్ద పెద్ద సర్కారు కట్టడాలతో పేరు తెచ్చుకున్నవారు. కొండ మీది సొంత ఇండ్లకు నక్షాలు గీసిన తక్కిన వారి పేర్లు చాలా వరకు ఆయా కుటుంబాల కాగితాల్లోనే ఉండిపోయాయి. ఇల్లు అమ్ముడుపోయిన రోజున ఆ కాగితాలు కూడా చిత్తుకాగితాల్లో కలిసిపోతున్నాయి. ఇది చిన్న నష్టం కాదు.

గుండ్లను కాపాడుకుంటూ కట్టడంలో అందమొక్కటే ఉందనుకోవడం పొరపాటు. అందులో లెక్క ఉంది. హైదరాబాదు గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. భూమి లోపల పుట్టిన రాయి ఎండకూ వానకూ పగులుబారి, పొరలు పొరలుగా ఊడి, కాలక్రమాన ఒకదానిపై ఒకటి నిలిపినట్లు మిగిలింది. పాలమూరు గుట్టలకెక్కినవారు ఎరిగిన రూపమే అది. అడుగున పరుపుబండ ఉన్నచోట పునాదికి లోతు తవ్వనక్కరలేదు. రెండడుగుల మందం రాతిగోడకు డంగుసున్నం పట్టిస్తే మధ్యాహ్నపు ఎండ లోపలికి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. గుండ్ల నడుమ మట్టిలోకి వాననీరు ఇంకుతుంది. ఇంకగా మిగిలినది నెమ్మదిగా దిగి కుంటలో చేరుతుంది. బంజారాహిల్స్ కింద హమీద్ ఖాన్ కుంట అలా నిండినదే. గుండ్లను పేల్చి, నేలకు బండలు పరచి, సందు లేకుండా సిమెంటు పోసిన తరువాత ఆ నీరు ఎక్కడికి పోవాలి? రోడ్డు పట్టి, పల్లంలో ఉన్న పేదల బస్తీ మీదికి పోతుంది. 2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబరులో నగరం నీట మునిగినప్పుడు ముందుగా గిన్నెలు కొట్టుకుపోయినవి ఎవరివో అందరూ చూశారు. పల్లపు బస్తీల్లో ఉండేవారిలో పాలమూరు నుంచి వలస పోయినవారూ ఉన్నారు.

రాతిని చెరపకుండా కట్టుకోవడం నవాబులతోనే ఆగిపోలేదు. ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, హైదరాబాదు చరిత్రను గ్రంథాలుగా రాసి, 2021లో కన్నుమూసిన నరేంద్ర లూథర్ కూడా బంజారాహిల్స్‌లో తన ఇంటిని పెద్ద గుండును కలుపుకుని కట్టుకున్నారు. 1996లో ఏర్పడిన రాళ్ల సంరక్షణ సంఘానికి అండగా నిలిచారు. గుండ్లు కూడా కాపాడదగిన సంపదేనని అడిగి అడిగి తొమ్మిది రాతి ప్రదేశాలకు వారసత్వ జాబితాలో చోటు సంపాదించిన ఘనత అటువంటి వారిది. నలుగురు పట్టుబడితే సర్కారు కదులుతుందనడానికి ఇదొక నిదర్శనం.

కదిలిన సర్కారు వెనక్కు పోవడమూ జరిగింది. హైదరాబాదులో పాత భవనాలకు రక్షణగా 1995లో వచ్చిన పదమూడవ నిబంధన కింద వందకు పైగా కట్టడాలు జాబితాకెక్కాయి. 2015లో ప్రభుత్వం ఆ నిబంధనను తీసివేసింది. 2017లో రాష్ట్రమంతటికీ వర్తించేటట్లు వారసత్వ చట్టం చేసింది. చట్టం వచ్చిన రెండేళ్లకే, ఇర్రం మంజిల్‌ను పడగొట్టి ఆ స్థలంలో శాసనసభా భవనం కట్టాలని ప్రభుత్వమే తలపెట్టడం విడ్డూరం. పౌరులు కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. కాపాడవలసిన చేతులే గునపం పట్టినప్పుడు న్యాయస్థానం అడ్డుపడవలసి రావడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు.

ఇర్రం మంజిల్ పెద్ద కట్టడం, సర్కారు సొత్తు, పేరున్న భవనం. అందుకని అడిగేవారు దొరికారు. సొంత ఇండ్ల సంగతి అలా కాదు. తాత కట్టిన ఇంటికి ఆరుగురు వారసులుంటారు. అందులో నలుగురు ఊళ్లో ఉండరు. గజం ధర ఆకాశాన్నంటుతుంటే, కురిసే పైకప్పుకు డబ్బు పెట్టి కూర్చోమని వారికి చెప్పడం సులభం. ఇంటిని జాబితాలో చేర్చి, కూలగొట్టవద్దని నోటీసు అంటించి, మరమ్మతుకు పైసా ఇవ్వకపోతే యజమాని ఏం చేస్తాడు? వాన పడేంత వరకు ఆగి, ఇల్లు దానంతట అదే కూలిందంటాడు. తప్పు అతనిదొక్కడిదే అనలేము. పన్నులో తగ్గింపు, మరమ్మతుకు చవుక వడ్డీ అప్పు, పనితనం తెలిసిన మేస్త్రీలు, ఈ మూడూ లేని రక్షణ కాగితం మీది రక్షణే.

నగరంలో జరిగినదే ఇప్పుడు జిల్లాలో జరుగుతున్నది, చప్పుడు లేకుండా. కొంతకాలంగా పాత కలప వ్యాపారులు ఊళ్ల వెంట తిరుగుతున్నారు. చెక్కడపు దర్వాజలు, టేకు మొగురాలు, దూలాలు, ఇత్తడి గొళ్లేలు కొని లారీలకెత్తుతున్నారు. వాటిలో ఎన్నో నగరంలో కొత్త మేడల ముంగిళ్లకూ, హోటళ్ల అలంకారానికీ పోతున్నాయి. బంజారాహిల్స్‌లో అసలైన పాత ఇల్లు పడగొట్టి, దాని స్థానంలో లేచిన కొత్త ఇంట్లో పాలమూరు పల్లెనుంచి కొనితెచ్చిన పాత స్తంభం నిలబెట్టుకోవడం ఏ రకమైన అభిరుచో వారికే తెలియాలి. ఇంతకూ ఆ స్తంభం అమ్మిన ఇంటివాడికి దక్కినది కొత్త రేకుల కప్పు. వేసవిలో ఆ రేకుల కింద పసిపిల్లలను పడుకోబెట్టి చూస్తే సౌడుమట్టి మిద్దె విలువ తెలుస్తుంది.

ఊరి గుట్టల గతి కూడా అంతే. నగరపు మేడలకు కంకర కావాలి గనుక క్రషర్లు వెలిశాయి. తాతలనాటి నుంచి గొర్రెలకు నీడనిచ్చిన గుండ్లు లారీలకెక్కి పోతున్నాయి.

గడీల మాట వచ్చేసరికి ఊళ్లలో వేరే వాదం వినిపిస్తుంది. ఆ గోడలు వెట్టిచాకిరితో లేచినవి, దొరల జులుంకు గుర్తులు, అవి కూలితేనే మేలు అనేవారున్నారు. ఆ బాధ నిజమైనది, దానిని కాదనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆలోచించవలసిన మాట మరొకటి ఉంది. దొర చేసినది హుకుం మాత్రమే. రాయి కొట్టినవాడు వడ్డెర, దూలం చెక్కినవాడు వడ్ల, సున్నం గానుగాడించినవారు, నీళ్లు మోసినవారు ఊరివారే. గోడ కూలితే పోయేది దొర గుర్తు ఒక్కటే కాదు, వారి పనితనానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం కూడా. బంజారాహిల్స్‌లోనూ అంతే. తమ పేరు మోస్తున్న కొండల మీద బంజారాలకు సొంత భవనం 2022 సెప్టెంబరులో గాని రాలేదు. పదో నంబరు రోడ్డులో ఆ భవనాన్ని ప్రారంభించారు. పేరు ముందు పోయి, మనిషి తొంభై ఏళ్ల తరువాత చేరడమంటే ఇదే.

దొర కట్టిన కట్టడాన్ని జనం సొత్తుగా మార్చుకోవడం అసాధ్యమేమీ కాదు. వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్నది. ఒకప్పుడు చెప్పులు విడిచి నడవవలసిన ప్రాంగణంలో రైతుబిడ్డలు సైకిళ్లు నిలిపి చదువుకున్నారు. ఆ రాజభవనానికి అంతకన్న మంచి ఉపయోగం ఏమున్నది? కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న గడీలలో ఊరి గ్రంథాలయమో, అంగన్‌వాడీయో, పంచాయతీ కచేరీయో పెట్టడానికి ఎందుకు వీలుకాదో అధికారులు చెప్పాలి.

ఇక చేయవలసిన పనులు. 2017 నాటి చట్టం హైదరాబాదుకు మాత్రమే కాదు, రాష్ట్రమంతటికీ. 2016లో, 2019లో జరిగిన విభజనలతో పాత పాలమూరు జిల్లా ఇప్పుడు ఐదు జిల్లాలైంది. ఐదుగురు కలెక్టర్లూ తమ తమ మండలాల్లోని గడీలు, పాత మిద్దెలు, బావులు, చావడులు, ఊరి ఆనవాళ్లుగా నిలిచిన గుండ్లు ఏమేమి ఉన్నాయో రాయించి ఒక పట్టిక తయారుచేయించాలి. ఆ పట్టికలో కట్టించినవాడి పేరుతోపాటు, తెలిసినంత వరకు కట్టిన మేస్త్రీ పేరూ ఊరూ రాయాలి. ఊళ్లో ఎనభై ఏళ్ల ముసలివారిని అడిగితే ఆ పేర్లు ఇప్పటికైతే దొరుకుతాయి. తండాలు 2018 చట్టం తరువాత గ్రామపంచాయతీలైనవి గనుక, తండాల ఆనవాళ్లు రాయించే బాధ్యత ఆ సర్పంచులకే అప్పగించవచ్చు.

రెండవది, డంగుసున్నం పని తెలిసిన మేస్త్రీలు ఊరికి ఒకరిద్దరు కూడా మిగలలేదు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి సున్నాన్ని ఎన్ని రోజులు నానబెట్టాలో తెలిసిన చేయి ఆగిపోతే పాత గోడకు సిమెంటు పూయడమొకటే దారి. సిమెంటు పూత లోపలి తేమను బయటికి పోనివ్వక సున్నపు గోడను లోలోపల తినేస్తుంది. ఈ ముసలి మేస్త్రీలను గౌరవ వేతనంతో పిలిపించి ఐ.టి.ఐ.లలో పిల్లలకు ఆ పని నేర్పించాలి. నగరంలో పాత భవనాల మరమ్మతుకు ఆ పని తెలిసినవారి కోసం వెతుకుతున్నారు. బస్సెక్కి పోక తప్పని యువకుడు తట్ట మోయడానికి కాక, ఆ విద్యతో పోతే అతని రోజుకూలి వేరుగా ఉంటుంది.

మూడవది, కలప లారీల సంగతి. ఎవరి ఇంటి దర్వాజ వారిష్టం. అమ్ముకోవద్దనే అధికారం ఎవరికీ లేదు. గడీలకు, దేవాలయాలకు, సర్కారు చావడులకు చెందిన చెక్కడాలు మాత్రం పంచాయతీ తీర్మానం లేకుండా ఊరు దాటకుండా కార్యదర్శులు చూడాలి. ఊరివారు కూడా బేరానికి ముందు ఒక్కసారి, మొగురం తీసేస్తే పైనున్న దంతెలకు ఆసరా ఏమిటో చూసుకోవాలి. రానున్నది వానాకాలం. పాత ఇండ్ల గోడలు కూలి మనుషులు చనిపోయారన్న వార్తలు ఏటా ఈ రోజుల్లోనే వస్తుంటాయి. పట్టిక రాసే పని జూన్‌కు ముందే మొదలు కావాలి.